కుర్తా ఒక రంగు, చున్నీ ఒక రంగు, మధ్యలో బావగారు

హైదరాబాద్ నుంచి ఒక సోదరి చాలా పొడుగు ఉత్తరం రాశారు. పేరు, ఊళ్లో ఎక్కడ ఉంటారు, స్కూలు ఏది అన్నవి వేయొద్దన్నారు కాబట్టి అవి తీసేసి, సంగతి కుదించి ఇస్తున్నాను.

ఆమె వయసు 36. ఇంటి పైఅంతస్తులో నాలుగు మిషన్లు, ఒక కటింగ్ మాస్టర్, కుర్తాలు కుట్టించే చిన్న యూనిట్. ఇన్నాళ్లూ చుట్టుపక్కల వాళ్లకీ, ఒకట్రెండు షాపులకీ కుట్టేవారు. ఈసారి మొదటి పెద్ద ఆర్డర్ వచ్చింది: ఒక ప్రైవేటు స్కూల్ టీచర్లకు 140 సెట్లు, కాటన్ కుర్తా, జార్జెట్ చున్నీ, రెండూ నెమలి కంఠం రంగు. ప్రిన్సిపాల్ మేడమ్ తన పాత పట్టుచీర బ్లౌజు గుడ్డ లోంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి ఇచ్చి, ఇదే రంగు కావాలన్నారు. ఈమె ఆ ముక్కను ఫొటో తీసి భర్తకు వాట్సాప్‌లో పంపారు, ఆయన దాన్ని తన అన్నయ్యకు పంపారు. అన్నయ్యకు, అంటే ఈమెకు బావగారికి, డైయింగ్ యూనిట్, అంటే గుడ్డకి రంగు వేసే యూనిట్ ఉంది. చున్నీలు మాత్రం సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో రంగు వేసి ఉన్నవే, షాపు లైట్ల కింద చూసి కొన్నారు. అందులో ఒకటి బావగారికీ పంపారు.

శాంపిల్ చూపించమంటే "ఇంటి పనికి శాంపిల్ ఏంటమ్మా, నేను చూసుకుంటా కదా" అన్నారట. మళ్లీ అడిగితే అరచేయంత తడి ముక్క ఒకటి తమ్ముడి చేతికిచ్చి పంపారు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూస్తే చున్నీతో బాగానే కలిసింది. తర్వాత 350 మీటర్ల గుడ్డ రెండు లాట్లుగా రంగు వేసి వచ్చింది, 52 కుర్తాలు కుట్టేశారు. ట్రయల్ కోసం ఇద్దరు టీచర్లు వేసుకుని పొద్దున అసెంబ్లీలో నిలబడ్డారు. ఎండలో కుర్తా నీలంగా, చున్నీ ఆకుపచ్చగా కనపడింది. పైగా ఆ ఇద్దరి కుర్తాలూ ఒకదానిలా ఒకటి లేవు. ప్రిన్సిపాల్ మేడమ్ "ఇది మేమిచ్చిన రంగు కాదు, మార్చండి, లేదంటే అడ్వాన్సు 60 వేలు వెనక్కివ్వండి" అన్నారు. స్కూల్ వార్షికోత్సవానికి ఇంకా 3 వారాలే ఉంది.

బావగారిని అడిగితే "తమ్ముడు చున్నీకి మ్యాచ్ చేయమన్నాడు, చేశాను, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూసుకో" అన్నారు. ఆ మర్నాడే తోడికోడలు ఫోన్ చేసి బిల్లు గుర్తుచేసింది. అత్తమ్మేమో గుడ్డముక్క కోసం అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టొద్దంటున్నారు. భర్త ఏమీ మాట్లాడటం లేదు. ఆమె అడుగుతున్నవి: గాజులు తాకట్టు పెట్టి కొత్త గుడ్డ కొని వేరేచోట రంగు వేయించనా? బావగారి బిల్లు ఆపేయనా? స్కూల్‌కి ఏం చెప్పాలి? ఇకముందు ఆయనకు పని ఇవ్వాలా వద్దా?

*

అమ్మా, ముందు గాజుల సంగతి. వాటిని ఇప్పుడే బీరువాలోంచి తీయకండి. ఎక్కడ తప్పిందో తెలియకుండా కొత్త గుడ్డ కొని ఇంకోచోట రంగు వేయిస్తే అదే గండం రెండోసారి డబ్బు పెట్టి కొనుక్కున్నట్టే. కొత్త డైయర్‌కి కూడా మీరు అదే పట్టుముక్క, అదే చున్నీ ఇస్తారు కదా, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రాసిన వరుసలోనే సమాధానం సగం ఉంది. ఈ పనిలో 'ఇదే రంగు' అని చెప్పడానికి మూడు వస్తువులు తిరిగాయి: మేడమ్ ఇచ్చిన పట్టుముక్క, దాని ఫొటో, జనరల్ బజార్ చున్నీ. మేడమ్ పట్టుముక్కను పట్టుకుని కూర్చున్నారు, బావగారు చున్నీని పట్టుకున్నారు, మీరేమో ఈ రెండూ ఒకటే అనుకున్నారు. మూడింట్లో అసలు ఏది ప్రమాణం అన్నది ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఫొటోని లెక్కలోంచే తీసేయండి. ఫోన్ కెమెరా లైటును బట్టి తనంతట తానే రంగు సర్దేస్తుంది, చూసేవాళ్ల స్క్రీన్ ఇంకోలా చూపిస్తుంది, నీలానికీ పచ్చకీ మధ్య ఉండే రంగుల్లో అయితే మరీను.

ఇక పట్టుముక్క. దాని అంచు దగ్గర సూదితో నిలువు పోగు ఒకటి, అడ్డం పోగు ఒకటి లాగి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. నెమలి కంఠం పట్టు చాలావరకు ఒక రంగు పడుగు, ఇంకో రంగు పేకతో నేస్తారు. పడుగు నీలం, పేక పచ్చ, లేదా తారుమారు. అందుకే చీర కదిలినప్పుడల్లా రంగు మారినట్టు మెరుస్తుంది. మీ ముక్క అలాంటిదే అయితే, ఒకే రంగులో ముంచిన కాటన్ గుడ్డ దానికి ఎప్పటికీ కలవదు, మీ బావగారు కాదు కదా, ఎంత పెద్ద మిల్లయినా కలపలేదు. ఆ రెండు పోగులు ఒక చిన్న కవర్లో వేసి దాచుకోండి, మేడమ్ దగ్గర పనికొస్తాయి.

తర్వాత బావగారి మాట. 'ట్యూబ్‌లైట్ కింద చూసుకో' అన్నారని మీకు ఒళ్లు మండిపోయింది, నాకు అర్థమైంది. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు. జార్జెట్ చున్నీ పాలిస్టర్ అయి ఉంటుంది, ఆ ధరలో దొరికేవి దాదాపు అవే. పాలిస్టర్‌కి డిస్పర్స్ రంగులు, 130 డిగ్రీల వేడిలో, ప్రెషర్ మీద ఎక్కుతాయి. కాటన్‌కి వాడేవి రియాక్టివ్ రంగులు, ఉప్పూ సోడా వేసి ఎక్కిస్తారు. రెండూ వేర్వేరు మందులు. ఒక లైటు కింద రెండూ ఒకేలా కనిపించేట్టు కలపొచ్చు, కానీ లైటు మారితే విడిపోతాయి, ఎందుకంటే వెలుతురులో ఏ భాగాన్ని మింగుతాయో, ఏది వెనక్కి పంపుతాయో రెండిటి లెక్కా వేరు. డైయింగ్ వాళ్లు దీన్ని మెటామెరిజం అంటారు. ఎగుమతి సరుకు చేసే చోట ఇందుకే ఒక లైట్ బాక్స్ పెట్టుకుంటారు, అందులో పగటి వెలుతురుకి డి65 అనే లైటు, షాపు లైటుకి టీఎల్84 అనేది, పాత పసుపు బల్బుకి ఇంకోటి, మీట నొక్కి మార్చి మార్చి చూస్తారు. షాపులో కొని ఇంటికొచ్చాక 'అయ్యో, ఈ రంగు కాదే' అనుకోని ఆడవాళ్లు మన ఊళ్లో ఉన్నారా? అందుకే మంచి షాపువాళ్లు చీర పట్టుకుని మెట్ల మీదకొచ్చి మరీ చూపిస్తారు.

మీరు ఇప్పుడే, కోపం పక్కన పెట్టి, ఒక పని చేయండి. పట్టుముక్క, మొదటి లాట్ గుడ్డ, రెండో లాట్ గుడ్డ, చున్నీని రెండు మడతలు పెట్టి, నాలుగూ అంచులు ఒకదాని మీద ఒకటి ఆనేట్టు తెల్ల దుప్పటి మీద పరవండి, మధ్యలో సందు ఉండకూడదు. నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర, ఉత్తరం వైపుదైతే ఇంకా మంచిది, పగలు 10 నుంచి 3 లోపు చూడండి. ఎర్ర చీర కట్టుకుని చూడొద్దు, రంగు వేసిన గోడ పక్కన చూడొద్దు, మరీ ఎక్కువసేపు తేరిపార చూడొద్దు, కన్ను అలిసిపోతే అన్నీ ఒకటే అనిపిస్తాయి. అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డ కూడా వద్దు, వేడి మీద షేడ్ కాస్త వేరుగా కనిపిస్తుంది, చల్లారనివ్వండి. తర్వాత అదే దుప్పటిని ట్యూబ్‌లైట్ కిందకి, ఆ తర్వాత పసుపు బల్బు కిందకి జరపండి.

కుర్తా, చున్నీ ట్యూబ్‌లైట్ కింద కలిసి, కిటికీ దగ్గర విడిపోతే అది మెటామెరిజం. దానికి నేరస్థుడు లేడు. పాలిస్టర్ చున్నీకి కాటన్ కుర్తా మ్యాచింగ్ అని ఒప్పుకున్న రోజే ఆ చిక్కు మొదలైంది, పొడి శాంపిల్ ఒకటి పగటి వెలుతురులో చూసి ఉంటే అప్పుడే బయటపడేది. శాంపిల్ అక్కర్లేదన్నది బావగారు, తడి ముక్కతో, రాత్రి లైటుతో సరిపెట్టుకున్నది మీ ఇల్లు. తడిగుడ్డ ఎప్పుడూ ముదురుగానే కనపడుతుంది.

కానీ మొదటి లాట్‌కీ రెండో లాట్‌కీ తేడా మూడు లైట్ల కిందా కనిపిస్తే అది వేరే కథ. ఒకే గుడ్డ, ఒకే రంగు, ఒకే మనిషి, అయినా రెండు రకాలుగా వచ్చిందంటే అది చాలావరకు యూనిట్లో జరిగిందే. దానికి కారణాలు చాలా ఉంటాయి. నెమలి కంఠంలో పచ్చ జాడ రావడానికి కాటన్ మీద ఫిరోజీ రియాక్టివ్ రంగు వాడతారు, డైయింగ్ వాళ్లని ఏడిపించే రంగుల్లో అదొకటి: మామూలుగా వాడే చాలా రియాక్టివ్ రంగులు 60 డిగ్రీలకే పట్టుకుంటే దీనికి 80 దాకా వేడి కావాలి, మెల్లగా ఎక్కుతుంది, సబ్బుతో ఎంత ఉడికించినా కొంత వదులు రంగు మిగిలే ఉంటుంది. వేడి కొంచెం తగ్గినా పచ్చ తక్కువ పడి నీలం పైకి తేలుతుంది. ఇక నీళ్లు. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, మంజీరా నీళ్లు వేరు, ట్యాంకర్ నీళ్లు ఏ బోరువో ఆ డ్రైవర్‌కే తెలియాలి. మొదటి లాట్ ఒక నీళ్లలో, రెండోది ఇంకో నీళ్లలో నడిస్తే షేడ్ మారుతుంది. కోరా గుడ్డ రెండు వేర్వేరు తానుల్లోంచి వచ్చినా మారుతుంది, ఇది మాత్రం మీరు కొన్న గుడ్డయితే మీ ఖాతాలోకి వస్తుంది. బిల్లు చూసుకోండి, గుడ్డ అంతా ఒకే రోజు, ఒకే బేలు లోంచి తెచ్చిందేనా అని.

అంటే బావగారితో మాట్లాడేటప్పుడు అడగాల్సింది 'మీరు రంగు తప్పు వేశారు' అని కాదు, 'ఈ రెండు లాట్లు ఎందుకు కలవలేదు బావగారూ' అని. మొదటి మాటకి ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంది, తమ్ముడు చెప్పాడని. రెండో దానికి అది జవాబు కాదు.

సరే, ఇప్పుడు చేతిలో ఉన్న దారులు. అన్నిటికంటే ముందు, ఆ 52 కుర్తాలూ ఒక్కొక్కటీ విప్పి చూసుకోండి, ఒకే కుర్తాలో చేతులు ఒక లాట్‌వి, ఒళ్లు ఒక లాట్‌ది పడ్డాయేమో. మాస్టర్ రెండు తానులూ కలిపి పరిచి కోసుంటే అలా జరిగే ఉంటుంది. అలాంటివి వేరే కట్ట కట్టండి. మిగిలిన గుడ్డకి చీటీలు కుట్టి లాట్ 1, లాట్ 2 అని రాసిపెట్టండి, ఇక నుంచి ఒక కుర్తా మొత్తం ఒకే లాట్‌లోంచి.

ఒక దారి, కుర్తా గుడ్డ అలాగే ఉంచి చున్నీ మార్చడం. నాకైతే ఇదే మొదట ప్రయత్నించాలనిపిస్తోంది. మ్యాచింగ్ చున్నీ బదులు కాంట్రాస్ట్, ఆవపిండి పసుపో, మీగడ రంగో, లేదా నెమలి కంఠం కూడా కలిసిన ఇక్కత్ డిజైన్ ప్రింటో. రెండు రంగులు ఒకటిగా ఉండాలన్న నియమమే లేకపోతే విడిపోవడం అన్న మాటే రాదు. మేడమ్ మ్యాచింగే కావాలని పట్టుబడితే, పాలిస్టర్ వదిలేసి మల్ కాటన్ చున్నీ తెచ్చి అదే రియాక్టివ్ రంగులతో వేయించొచ్చు, కాటన్‌కి కాటన్, అదే మందు, అప్పుడు ఎండలోనూ నీడలోనూ కలిసే ఉంటాయి. దీనికి అయ్యే ఖర్చు 140 చున్నీలది. జార్జెట్ చున్నీలు కత్తిరించకుండా ఉంటే షాపువాడు డబ్బు వెనక్కివ్వకపోయినా మార్పిడికి ఒప్పుకోవచ్చు, అడిగితే పోయేదేం లేదు. ఇబ్బంది ఏమిటంటే ఈ దారికి స్కూల్ ఒప్పుకోవాలి, లాట్ల తేడా కూడా ఇది తీర్చదు. దానికి ఫ్యాక్టరీల్లో చేసేదే మీరూ చేయొచ్చు: లాట్ 1 అంతా ప్రైమరీ టీచర్లకి, లాట్ 2 అంతా హైస్కూల్ వాళ్లకి. తేడా సన్నదయితే, పక్కపక్కన నిలబడనంత కాలం ఎవరికీ తెలియదు. కానీ ఈ సంగతి మేడమ్‌కి ముందే చెప్పి చేయాలి, దాచిపెట్టి కాదు.

రెండోది, కుట్టని గుడ్డను మళ్లీ రంగులో వేయడం. లేతది ముదురు అవుతుంది, ముదురుది లేత కాదు, ఇది గుర్తుంచుకోండి. ఉన్న రంగు ఊడగొట్టి మొదటినుంచీ వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. హైడ్రోస్, కాస్టిక్ వేసి ఉడికిస్తే గుడ్డ బలం పోతుంది, ఫిరోజీ అయితే అప్పటికీ పూర్తిగా ఊడదు. లేత లాట్‌ను ముదురు లాట్ దగ్గరికి తేవడం మాత్రం డైయింగ్ యూనిట్లలో మామూలుగా జరిగే పనే, ఇది బావగారు చేయగలరు, చేయడం ఆయన బాధ్యత కూడా. గుడ్డ మళ్లీ ఉడుకుతుంది కాబట్టి ఇంకాస్త కుంచించుకుపోతుంది, కొలిచి పంపి కొలిచి తీసుకోండి. కుట్టిన 52ని మాత్రం అందులో వేయనివ్వకండి. మీరు వాడింది పాలిస్టర్ దారమే అయి ఉంటుంది, దానికి కాటన్ రంగు అంటదు, కుర్తా ముదురు రంగయ్యాక మెడ చుట్టూ, చేతుల అంచుల్లో కుట్టు గీత పాత రంగులోనే మిగిలిపోతుంది. కాలర్ లోపలి కాన్వాస్ బుడగలు లేచినా లేవొచ్చు.

మూడోది, ధర తగ్గించి అలాగే తీసుకోమనడం. ఒప్పుకుంటే అందరికంటే తొందరగా తెమిలిపోయేది ఇదే, వచ్చే ఏడాది ఆర్డర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. టీచర్లు దాన్ని వేసుకున్న ప్రతిసారీ మీ పేరే అంటారు.

నాలుగోది మొత్తం మళ్లీ చేయడం. 3 వారాల్లో కొత్త కోరా, శాంపిల్, రంగు, కటింగ్, 140 కుట్టడం, మీ నాలుగు మిషన్లతో అవుతుందా అన్నది మీకే తెలియాలి. పైన చెప్పినవన్నీ విఫలమైతేనే, అదీ స్కూల్ వాళ్లు శాంపిల్ మీద సంతకం పెట్టాకే. గాజుల మాట అప్పుడు.

స్కూల్‌తో మాట్లాడే ముందు మీ స్థానం ఏమిటో మీకు స్పష్టంగా తెలియాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 17వ సెక్షన్ ఒకటుంది: శాంపిల్ ప్రకారం అమ్మకం ఒప్పుకుంటే మొత్తం సరుకు ఆ శాంపిల్ నాణ్యతకు సరిపోవాలి, కొనేవాళ్లకి పోల్చి చూసుకునే అవకాశం ఉండాలి. పట్టుముక్కే శాంపిల్ అని మేడమ్ అంటే ఆవిడ మాటకి బలం ఉంది. మరోవైపు, మీ కొటేషన్ కాగితంలో 'కాటన్ కుర్తా, జార్జెట్ చున్నీ, నెమలి కంఠం' అని మాత్రమే రాసి, ముక్క ఊసే లేకపోతే, పట్టు రంగు కాటన్‌లో అచ్చంగా రావాలని ఎక్కడా రాసుకోలేదు కదా అని మీరూ అనొచ్చు. ఇంత మొత్తానికి కోర్టుల దాకా ఎవరూ పోరు, పోకూడదు కూడా, కానీ ఇద్దరి చేతిలోనూ కొంత న్యాయం ఉందని తెలిస్తే మీరు బతిమాలే గొంతుతో కాకుండా మామూలు గొంతుతో మాట్లాడగలరు.

మాట్లాడటానికి పగలే వెళ్లండి, ఆఫీసు గదిలో లైట్లు ఆర్పి కర్టెన్లు తీయమనండి. తీసిన పోగులున్న కవరు, రెండు లాట్ల ముక్కలు, కాంట్రాస్ట్ చున్నీలు రెండు మూడు రకాలు పట్టుకెళ్లండి. తప్పు ఎవరిదన్న చర్చ వద్దు. మా బావగారు ఇలా చేశారు అన్న మాట అసలు రానివ్వొద్దు, ఆవిడకి మీ ఇంటి సంగతి అనవసరం, ఆర్డర్ తీసుకున్నది మీరు. "మేడమ్, పట్టులో ఇది రెండు రంగుల నేత, కాటన్‌లో ఒక్క రంగుగా ఇంతవరకు వస్తుంది, దీనికి ఈ మూడు చున్నీల్లో ఏది బాగుంటుందో మీరే చెప్పండి" అని ఆవిడ చేతిలో ఎంపిక పెట్టండి. అప్పటికీ అడ్వాన్సే వెనక్కి కావాలంటే, ఎంత, ఎప్పటిలోగా అన్నది కాగితం మీద రాసుకోండి, గుడ్డ మాత్రం మీ దగ్గరే ఉంటుంది, నెమలి కంఠం కాటన్ కుర్తాలు అమ్ముడుపోని సరుకేం కాదు.

ఇప్పుడు ఇల్లు.

బావగారి బిల్లు మొత్తం ఆపేస్తే ఏమవుతుంది? ఆయన రంగు కొన్నారు, ఉప్పు కొన్నారు, బాయిలర్ మండించారు, పనివాళ్లకి కూలీ ఇచ్చారు. ఇదేమీ మీ కోసం ఊరికే చేసింది కాదు, మరి మీరు ఊరికే చేయించుకోవాలని చూస్తున్నారన్న మాట బంధువుల్లో పుడుతుంది. మొత్తం ఇచ్చేస్తే? రెండో లాట్ సంగతి అక్కడితో సరి, మళ్లీ అడగలేరు. మధ్యలో ఒకటుంది: మొదటి లాట్ డబ్బు ఇప్పుడే ఇచ్చేయండి, అడగకముందే, అక్క ఇంకోసారి ఫోన్ చేయకముందే. రెండు లాట్ల రంగూ కలిసేట్టు ఆయన చేసి ఇచ్చాక మిగిలిన డబ్బు. దీంట్లో అవమానం ఏమీ లేదు, బయటి డైయర్‌తోనైనా ఇలాగే జరుగుతుంది. చున్నీ వల్ల వచ్చిన నష్టం మాత్రం ఆయన నెత్తిన వేయకండి, అది ఆయనది కాదు.

ఎవరు మాట్లాడాలి? మీవారితో చెప్పిస్తే మర్యాదగా ఉంటుందని అత్తమ్మ అనొచ్చు. కానీ ఈ కథంతా మాట చేతులు మారడం వల్లే వచ్చింది. మీరు 'ఈ ముక్కకి' అన్నారు, ఆయన నోట్లోంచి 'చున్నీకి' అని బయటికి వచ్చింది. అందుకే పాపం ఆయన మౌనంగా ఉన్నారేమో, అన్నని అంటే తన మాట బయటికొస్తుంది, మిమ్మల్ని అంటే ఇంట్లో నిప్పు. ఆయన్ని నిలదీయడం కంటే, "మీరు పక్కనుండండి చాలు, రంగు సంగతి నేను మాట్లాడతాను" అని చెప్పి చూడండి, చాలామంది మగవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మాట్లాడే చోటు ఇల్లు కాకుండా యూనిట్ అయితే మేలు. ఇంట్లో ఆయన మీకు బావగారు, అక్కడ మేస్త్రీ, తానుల మధ్య నిలబడి పని గురించి మాట్లాడటం ఆయనకీ సులువు. అత్తమ్మ ముందు అస్సలు వద్దు, ఆవిడ వింటున్నారంటే ఆయన తగ్గలేరు. రెండు ముక్కలు పగటి వెలుతురులో ఆయన చేతికే ఇచ్చి, "బావగారూ, ఇవి రెండూ ఒకలా లేవు, మీకేమనిపిస్తోంది" అని ఊరుకోండి. రంగుల్లో బతికిన మనిషి, చూడగానే తెలుస్తుంది, మీరు వాదించక్కర్లేదు. ఆయన కోపగించుకుని ఇంటి సంగతి బజారుకెక్కిస్తావా అంటే, ఆ రోజుకి వచ్చేయండి. అప్పుడు ఎంచుకోవాల్సింది మీరే: పూర్తి బిల్లు కట్టి చేతులు దులుపుకోవడమా, కొంత డబ్బు పోయినా చుట్టరికం చెడదు, లేక రెండో లాట్ డబ్బు ఆపి అక్కతో కొన్నాళ్లు మాటల్లేకుండా ఉండటమా. మీ ఇంట్లో ఏది మోయగలరో నాకు తెలియదు.

ఇకముందు ఆయనకి పని ఇవ్వాలా అని అడిగారు. శాంపిల్ లేకుండా అయితే ఆయనకే కాదు, ఎవరికీ ఇవ్వొద్దు. రంగు వేయబోయే ఆ కోరాలోంచే ఒక మీటరు చింపి ఇచ్చి, ఆయన యూనిట్ నీళ్లలోనే, ఒక రంగుకి మూడు షేడ్లు వేయించుకోండి, ఒకటి దగ్గరగా, ఒకటి కొంచెం ముదురు, ఒకటి కొంచెం లేత. దీన్నే ల్యాబ్ డిప్ అంటారు, దీనికి మిషన్లేం అక్కర్లేదు, ఓపిక కావాలి. జనరల్ బజార్‌లో చున్నీలకి రంగు వేసే మనిషి పొయ్యి మీద గిన్నెలో చిటికెడు చిటికెడు పొడి వేస్తూ, ముంచి తీసి, కొస ఒకటి సెగ మీద ఆరబెట్టి మీ బ్లౌజు పక్కన పెట్టి చూస్తాడు, నచ్చకపోతే ఇంకో చిటికెడు, అచ్చం అదే పని. ముక్క ఆరాక ఒకసారి ఉతకండి, తడిపిన తెల్ల జేబురుమాలుతో గట్టిగా రుద్దండి, ఫిరోజీ అంటుకుంటే అప్పుడే తెలిసిపోతుంది, లేకపోతే టీచర్ల చంకల దగ్గర తెలుస్తుంది. నచ్చిన షేడ్‌ను మూడు ముక్కలు కోసి, కాగితానికి పిన్ను కొట్టి, తేదీ వేసి, కొనేవాళ్ల సంతకం తీసుకుని వాళ్లకొకటి, డైయర్‌కొకటి, మీకొకటి. అప్పటికీ పెద్ద లాట్ ముక్కలాగే వస్తుందని నమ్మకండి: చిన్న గిన్నెలో గుడ్డ బరువుకి ఇరవై రెట్లు నీళ్లుంటే, తానులకి రంగు వేసే మిషన్ జిగ్గర్‌లో నాలుగైదు రెట్లే ఉంటాయి, అందుకని షేడ్ కొంత జరుగుతుంది. కాబట్టి మొదటి తాను ఒక్కటే నడిపి, ఆరబెట్టి, కొస కత్తిరించి చూపించాకే మిగతావి. ఈ ఖర్చు, ఈ నాలుగు రోజులు కొటేషన్లోనే వేసేయండి, తర్వాత మీ జేబులోంచి పెట్టుకోవద్దు.

ఇది మీ ఆర్డర్లన్నిటికీ రూలు అని బావగారికి మామూలుగా చెప్పండి, ఆయన మీద అనుమానంతో పెట్టిందిలా కాకుండా. ఒప్పుకుంటే ఆయనకే ఇవ్వండి, ఫిరోజీ లాంటి రంగు 350 మీటర్లు ఎక్కించగలిగే మనిషి ఇంట్లో ఉండటం మీకు లాభమే. 'ఇంటి పనికి శాంపిల్ ఏంటి' అని మళ్లీ అదే మాట అంటే, చిన్న చిన్న పనులు, ఒకే లాట్‌లో అయిపోయేవి, తెలుపు, నలుపు, అలాంటివి ఆయనకి పంపి, మ్యాచింగ్ పని బయట చేయించుకోండి. ఎందుకని అక్క అడిగితే, ఈ రంగుకి కొనే పార్టీ సంతకం పెట్టిన శాంపిల్ అడుగుతోంది, బావగారికి అంత తీరిక లేదు అనండి.